మొరం మట్టిలో విష్ణుక్రాంత – నా అనుభవం

మధ్యాహ్నం దాటాక వెళ్తే అక్కడ అలాంటి మొక్క ఒకటి ఉందని కూడా తెలియదు. పువ్వు ముడుచుకుపోతుంది. ఆకు బూడిద కలిసిన పచ్చ. కాడలు నేలను కరుచుకుని ఉంటాయి. అదే ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య వెళ్తే ఎర్ర మొరం మీద ఎవరో నీలం పూసలు చల్లి పోయినట్టుంటుంది. నేను ఆ దారిలో రెండేళ్లు సాయంత్రాలే నడిచాను, అందుకే నా కంట పడలేదు. 2021 జులైలో ఆఫీసు పని ఇంటి నుంచే చేస్తున్న రోజుల్లో నడక ఉదయానికి మారింది. ఒకరోజు చెప్పులో రాయి దూరితే తీయడానికి వంగాను. కాలి పక్కనే ఉంది.

మా ఇల్లు హైదరాబాద్‌లోని యాప్రాల్‌లో. మా వీధి చివర ఆరువందల గజాల ఖాళీ ప్లాటు ఒకటి ఉండేది. మధ్యలో ఏనుగు వీపులాంటి బండ. మన ఊరి బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఎండకు కాగి, వానకు తడిసి, పొరలు పొరలుగా రాలి, చుట్టూ గరుకు మొరంగా పరుచుకుంటాయి. ఆ మొరంలోనే, బండ నీడ పడని చోట, ఈ మొక్కలు. పువ్వు ముక్కుపుడకంత. ఐదు రేకులు ఒకదానితో ఒకటి కలిసిపోయి చిన్న పళ్లెంలా విచ్చుకున్నాయి. అంచంతా ఆకాశ నీలం, నడుమ తెల్లని చుక్క. దారం లాంటి కాడ చివర ఒక్క పువ్వు. ఆకుల మీద పట్టులాంటి నూగు ఉంది, రాత్రి పడిన వాన చుక్కలు ఆ నూగు మీద జారకుండా నిలబడ్డాయి. చాలాసేపు గొంతుకూర్చుని చూశాను.

ఫొటో తీసి అమ్మకు చూపించాను. అమ్మది జనగామ దగ్గర పల్లె, నాన్న పోయాక మా దగ్గరే ఉంటుంది. కళ్లద్దాలు సవరించుకుని చూసి, "ఇది విష్ణుక్రాంత బిడ్డా. మా చెల్క గట్ల మీద మస్తుగుండేది. గీడ ఉన్నదా?" అంది. మర్నాడు పొద్దున నాతో పాటు వచ్చి చూసింది కూడా.

ఆ పేరు నేను ప్రతి ఏడూ వింటున్నదే. వినాయక చవితి నాడు అమ్మ వ్రతకల్పం చదువుతుంటే పత్రి అందించేది నేనే. ఇరవై ఒక్క పత్రాల్లో పదకొండోది: "భిన్నదంతాయ నమః, విష్ణుక్రాంత పత్రం పూజయామి." అక్కడికి రాగానే నా చెయ్యి ఆగేది. మోండా మార్కెట్లో కొన్న పత్రి కట్టలో మారేడు, గరిక, ఉత్తరేణి, జిల్లేడు, మామిడి అన్నీ ఉండేవి, ఇది తప్ప. ఒకసారి అడిగి మరీ తీసుకుంటే శంఖుపుష్పం తీగ ముక్క చేతిలో పెట్టారు. అమ్మ దాన్ని పక్కన పెట్టి అక్షతలు వేసింది. ఏ చెట్టు పేరు చెబుతున్నామో ఆ చెట్టు ఆకు చేతిలో ఉండాలన్నది అమ్మ పట్టుదల. పూజ సంగతి అలా ఉంచినా, మా వీధి చివరే పూస్తున్న పువ్వు పేరు తెలిసి కూడా ముఖం తెలియకుండా నలభై ఏళ్లు బతికానన్న బాధ నాకు గట్టిగా పట్టుకుంది. ఈ మొక్కను ఇంట్లో పెంచాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మొక్క చేతికి రావడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో చేసిన పొరపాట్లే ఎక్కువ వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ మొక్క గురించి నేను నేర్చుకున్నదంతా వాటి వల్లే.

మొదట నర్సరీకి వెళ్లాను. 2022 జూన్‌లో. విష్ణుక్రాంత కావాలని అడిగితే వెంటనే ఒక కుండీ తెచ్చి పెట్టారు. నీలిపూలు, నూగు ఆకులు, చూడగానే సంబరపడి రెండు కుండీలు కొన్నాను. ఇంటికి తెచ్చాక అమ్మ చూసి తల అడ్డంగా ఊపింది. పువ్వు రూపాయి బిళ్లంత ఉంది. రంగు మరీ ముదురు. కాడలు లావుగా పొదలా లేచాయి. అది బ్లూ డేజ్ అని పిలిచే తోట మొక్క, సొంతూరు బ్రెజిల్. విష్ణుక్రాంతకు దగ్గరి చుట్టమే, రెండూ ఎవాల్వులస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. అందంగానే ఉంటుంది, ఇప్పటికీ మా బాల్కనీలో పూస్తోంది. కానీ నేను వెతుకుతున్నది అది కాదు. మన బండల మధ్య పూసేది ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. కొనబోయే ముందు పువ్వు కొలిచి చూడండి. చిటికెన వేలి గోరులో పువ్వు ఇమిడిపోతే మనది, గోరు దాటి బయటికొస్తే బ్రెజిల్‌ది.

తర్వాత ప్లాటుకే వెళ్లాను. జులైలో మంచి వాన పడిన మర్నాడు, తాపీ లాంటిది పట్టుకెళ్లి మూడు మొక్కలు తవ్వాను. పైన చూస్తే అరచేయంత మొక్క. కిందికి తవ్వుతూ పోతుంటే వేరు ఎంతకీ తెగదు. చెక్కలా గట్టిగా, పెన్సిల్ కన్నా సన్నగా, మొరం రాళ్ల సందుల్లోంచి వంకర్లు తిరుగుతూ దిగిపోయింది. జానెడు లోతు తవ్వాక చివరికి పుటుక్కున తెగింది. మూడూ అలాగే తెగాయి. తెచ్చి కుండీల్లో పెట్టి, నీడన ఉంచి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లాను. ఐదో రోజుకు ఆకులు వాలిపోయాయి. పదో రోజుకు మూడూ పోయాయి. ఎక్కడో బతుకుతున్న వాటిని నా చేత్తో తెచ్చి చంపానన్న బాధ చాలా రోజులు ఉంది. అప్పటి నుంచి పెరిగిన మొక్కను పీకకూడదని నిర్ణయించుకున్నాను. మీకు కూడా అదే చెబుతాను. దీన్ని తవ్వి తేవద్దు, విత్తనం నుంచే పెంచండి. కేబీఆర్ పార్కులోనో, చిలుకూరు దగ్గర మృగవనిలోనో కనబడితే చూసి రావడమే. జాతీయ పార్కుల్లోంచి మొక్కలు తేవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఆ ఏడాది నవంబరులో విత్తనాలు ఏరాను. పువ్వు రాలాక కాడ కిందికి వంగిపోతుంది, దాని చివర మిరియం కన్నా చిన్న గుండ్రని కాయ. ఎండితే నాలుగు పలకలుగా విచ్చుకుంటుంది. లోపల ఒకటి నుంచి నాలుగు గింజలు, ముదురు గోధుమ రంగు, ఆవగింజంత. పొద్దున మంచు ఆరాక వెళ్లి, మొక్క కింద న్యూస్‌పేపర్ జరిపి, వేలితో తట్టితే రాలతాయి. ఒక గంటలో ముప్పై గింజలు కూడా దొరకలేదు. సగం కాయలు అప్పటికే ఖాళీ.

వాటిని 2023 ఫిబ్రవరిలో చల్లాను. ఇది నా రెండో పెద్ద పొరపాటు. అడవి పూలంటే వసంతంలో పూస్తాయని ఎక్కడెక్కడో చదివి ఉన్నాను. చల్లటి దేశాల్లో అది నిజం. అక్కడ మంచు కరిగాక, చెట్లకు ఆకులు రాకముందు దొరికే కాస్త ఎండలో నేల మీది చిన్న మొక్కలన్నీ హడావిడిగా పూసేస్తాయి. మన దక్కన్‌లో వసంతం చెట్లది. మోదుగ పూస్తుంది, వేప పూస్తుంది, మామిడి పూత ముందే వచ్చేస్తుంది. ఆ చెట్ల కింద నేల మాత్రం ఎండి, గడ్డి గోధుమ రంగు తిరిగి, కాలు పెడితే కరకరలాడుతుంది. నేలకు వసంతం వచ్చేది తొలకరితో. మృగశిర దాటి, ఆరుద్ర పురుగులు ఎర్ర మఖ్మల్ ముక్కల్లా తిరిగే రోజుల్లో నేలలోని విత్తనాలన్నీ ఒక్కసారి కళ్లు తెరుస్తాయి. పల్లేరు పసుపుగా పూస్తుంది, గరిక పాకుతుంది, విష్ణుక్రాంత మొదలవుతుంది. ఈ మాట అమ్మనడిగినా చెప్పేది. నేను అడగలేదు.

ఫిబ్రవరిలో చల్లిన ట్రేలో ఒక్కటీ మొలవలేదు. మిగిలిన పది గింజలు జూన్‌లో మళ్లీ వేశాను, రెండు మొలిచాయి. ఈసారి బాగా చూసుకోవాలని ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీ కంపోస్ట్ సమపాళ్లలో కలిపిన కుండీలో పెట్టాను. టమాటా, బంతి, గులాబీ అన్నీ నేను ఆ మట్టిలోనే పెంచుతాను. అందులో విష్ణుక్రాంత ఎలా పెరిగిందంటే, జానెడున్నర కాడలు, పచ్చగా, మెత్తగా, నూగు పలచగా. పువ్వు లేదు. చిలగడదుంప, తూటికూర, కాశీరత్నం ఈ కుటుంబానివే కదా, ఇది కూడా పాకుతుందేమో, ఊతం లేక పూయడం లేదేమో అనుకుని ఒక పుల్ల కూడా నాటాను. కాడ ఆ పుల్లను తాకింది గానీ చుట్టుకోలేదు. ఆ తర్వాత తెలిసింది, ఎవాల్వులస్ అన్న పేరుకు అర్థమే చుట్టుకోనిది అని. లిన్నేయస్ దీన్ని 1753లో తీగల ప్రజాతి అయిన కాన్వాల్వులస్‌లో చేర్చి, 1762లో విడదీసి ఈ పేరు పెట్టాడు. ఆగస్టులో వరసగా నాలుగు రోజులు ముసురు పట్టింది. కుండీలో మట్టి తడి ఆరలేదు. వేరు దగ్గర నల్లబడి రెండూ కుళ్లిపోయాయి.

అప్పుడు వెళ్లి ప్లాటును సరిగ్గా చూశాను. అంతకు ముందు పువ్వునే చూశాను, అది ఉన్న చోటును చూడలేదు. ఒక వారం రోజులు రోజూ వెళ్లి, ఎక్కడుంది, ఎక్కడ లేదు అని గమనించాను. గోడ వారన ఎవరో ఇంటి చెత్త పారేసేవారు. అక్కడ మట్టి నల్లగా, బలంగా ఉంది. వయ్యారిభామ నడుమెత్తు పెరిగింది, గలిజేరు అల్లుకుపోయింది. విష్ణుక్రాంత ఒక్కటీ లేదు. పక్క ఇల్లు కట్టినప్పుడు పోసిన మట్టి దిబ్బ మీదా లేదు. వాన నీరు నిలిచే పల్లంలో తుంగ ఉంది, ఇది లేదు. బండ వాలులో, నీరు పడగానే జారిపోయే చోట, గరికకు కూడా గిట్టుబాటు కాని పలచని మొరంలో మాత్రం గుంపులు గుంపులుగా ఉంది. మిగతా మొక్కలు బతకలేని చోటు అది. అక్కడ దీనికి పోటీ లేదు, నీడ లేదు. నూగు ఆకులు ఎండను తట్టుకుంటాయి, లోతు వేరు తడిని వెతుక్కుంటుంది. నేను ఇస్తున్న ఎరువు, నీడ, రోజూ నీళ్లు, మూడూ దానికి పడనివే.

2023 అక్టోబరులో ప్లాటు గేటుకు బోర్డు తగిలింది, స్థలం అమ్ముడుపోయిందని, అపార్ట్‌మెంట్ వస్తుందని. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. బోర్డు మీది నంబరుకు ఫోన్ చేసి, మీ ప్లాటులో ఒక మొక్క ఉంది, విత్తనాలు ఏరుకుంటాను, కాస్త మొరం కూడా తీసుకుంటాను అని అడిగాను. ఆయన ముందు ఏ మొక్కో అర్థం కాక రెండుసార్లు అడిగాడు. చెప్పాక, "తీసుకోండమ్మా, జనవరి దాకా ఏం కదిలించం" అన్నాడు. ఆ మూడు నెలలు సెలవు రోజు పొద్దునంతా నేను అక్కడే. అమ్మ కూడా ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని ఏరేది. నాకన్నా అమ్మ చేతికే ఎక్కువ దొరికేవి, ఏ కాయ రేపు పగులుతుందో రంగు చూసి చెప్పేసేది. మొత్తం నాలుగువందల పైచిలుకు గింజలు పోగయ్యాయి. కాగితం పొట్లాల్లో కట్టి, తేదీ రాసి, స్టీలు డబ్బాలో పెట్టాను.

ఆ రోజుల్లోనే బండకు తూర్పున ఒక తెల్ల పువ్వు మొక్క కనబడింది. ఆకు అదే, నూగు అదే, పువ్వు మాత్రం పూర్తిగా తెలుపు. విష్ణుక్రాంతలో తెలుపు అరుదుగా వస్తుంది. గుర్తుగా చుట్టూ మూడు రాళ్లు పెట్టి, దాని గింజలు వేరే పొట్లంలో కట్టాను. దొరికినవి తొమ్మిది.

జనవరిలో పన్నెండు సంచుల మొరం మా ఇంటికి వచ్చింది. ఫిబ్రవరి మొదట్లో జేసీబీ వచ్చింది. ఆ బండను పగలగొట్టడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ చప్పుడు మా ఇంట్లోకి వినబడుతుంటే అమ్మ తలుపులు వేసుకునేది. ఇప్పుడక్కడ సెల్లార్.

ప్రహరీ గోడ పక్కన, రోజుకు ఆరేడు గంటలు ఎండ పడే చోట, ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు మడి కట్టాను. చుట్టూ ఇటుకలు పేర్చి జానెడు ఎత్తు లేపాను. అడుగున ఇటుక ముక్కలు, కంకర. పైన మూడు తట్టల మొరానికి ఒక తట్ట దొడ్డు ఇసుక చొప్పున కలిపి నింపాను. కంపోస్ట్ పిడికెడు కూడా వేయలేదు. గోడ వైపు కాస్త ఎత్తుగా, ఇవతలికి వాలుగా చేశాను. బకెట్ నీళ్లు కుమ్మరించి చూస్తే క్షణంలో ఇంకిపోయాయి. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మడికి చోటు లేనివాళ్లు అడుగు లోతుకు తగ్గని మట్టి కుండీ తీసుకోవాలి. వెడల్పు తక్కువైనా ఫరవాలేదు, లోతు ఉండాలి. కింద చిల్లు మూసుకుపోకూడదు.

ఇక విత్తనం సంగతి. మొదటిసారి ఎందుకు మొలవలేదో వెతుకుతుంటే తెలిసింది, ఈ కుటుంబం గింజలకు పెంకు గట్టిగా ఉంటుందని, నీరు లోపలికి పోనివ్వదని. అడవిలో ఎండ, వాన, రాళ్ల రాపిడి కలిసి నెమ్మదిగా ఆ పెంకును అరగదీస్తాయి. అన్నీ ఒకేసారి మొలవకుండా, ఒక ఏడు వాన తప్పినా కొన్ని గింజలు మిగిలి ఉండటానికి అది మంచిదే. ఇంట్లో మనమే గీకాలి. సన్న గరుకు కాగితం ముక్కలు రెండు తీసుకుని, మధ్యలో పది పదిహేను గింజలు వేసి, అప్పడాల పిండి ఉండ చేసినంత మెత్తగా గుండ్రంగా తిప్పాను. గింజ మీది నునుపు పోయి మసకబారితే చాలు, తెల్లగా లోపల కనబడిందంటే ఎక్కువైనట్టే. తర్వాత రాత్రంతా నీళ్లలో. పొద్దునకు కొన్ని ఉబ్బి రెట్టింపవుతాయి, కొన్ని అలాగే ఉంటాయి. ఉబ్బినవి విత్తాలి, ఉబ్బనివి ఆరబెట్టి మళ్లీ గీకాలి. అరవై గింజలు పెడితే మొదటి రాత్రికి ఉబ్బినవి ఇరవై ఆరు. రెండో విడతలో ఇంకో పందొమ్మిది.

2024 జూన్ రెండో వారంలో, రెండు మంచి వానలు పడ్డాక విత్తాను. వేలి గోరంత లోతు కూడా కాదు, పైన పలచగా ఇసుక. మర్నాడు చీమలు వరస కట్టి ఉబ్బిన గింజలు మోసుకుపోతున్నాయి. మందు చల్లబుద్ధి కాలేదు. మడి చుట్టూ సన్న కాలువ చేసి నీళ్లు నింపాను, వారం రోజులు దాన్ని ఎండనివ్వలేదు. ఏడో రోజున మొదటి మొలక. పన్నెండో రోజుకు ముప్పై ఒకటి లెక్కపెట్టాను.

మొదటి రెండు ఆకులు నున్నగా ఉంటాయి, ఏ కలుపు మొక్కో అన్నట్టు. మూడో ఆకు నుంచి నూగు వస్తుంది. నేను అప్పటికి వాటి ముఖం గుర్తుపట్టడం నేర్చుకున్నాను కానీ, మా ఇంట్లో పనిచేసే అక్కకు చెప్పడం మరిచిపోయాను. ఒక ఆదివారం నేను లేచి వచ్చేసరికి ఆమె మడిని శుభ్రంగా కలుపు తీసి ఉంది. "గడ్డి అనుకున్ననమ్మా" అని ఆమె కళ్లలో నీళ్లు పెట్టుకుంది. తప్పు నాది. ఇద్దరం కలిసి కలుపు కుప్పలో వెతికాం. వేరు తెగనివి నాలుగు దొరికాయి, వెంటనే నాటితే రెండు బతికాయి. గోడ మూలన ఆమె చెయ్యి పడని పదకొండు అలాగే ఉన్నాయి. అంతా కలిసి పదమూడు. మర్నాడు ఆమే ఇంటి నుంచి ఐస్‌క్రీమ్ పుల్లలు తెచ్చి ఒక్కో మొక్క పక్కన గుచ్చింది.

జులైలో వానకు మట్టి ఎగిరి ఆకుల నూగుకు అంటుకునేది. ఆకు మీద బురద ఆరిపోతే మొక్క దిగులుగా ఉండేది. మొక్కల చుట్టూ శనగగింజంత కంకర పరిచాను, ఆ సమస్య తీరింది. ఆ తర్వాత నేను చేసింది దాదాపు ఏమీ లేదు. వారం పైన వాన రాకపోతే ఒక చెంబు నీళ్లు. గరిక పాకి వస్తే పీకేయడం. రోజూ చూడటం మాత్రం మానలేదు.

ఆగస్టు 11, ఆదివారం. మొక్కలు అప్పటికి బెత్తెడు పొడవు, నేల మీద చక్రంలా పరుచుకున్నాయి. పొద్దున ఏడున్నరకు వెళ్తే ఒక మొగ్గ, చుట్టిన గొడుగులా మెలికపడి ఉంది. కాఫీ తెచ్చుకుని అక్కడే కూర్చున్నాను. మెలిక నెమ్మదిగా వదులైంది. ఒక రేకు అంచు ముందు బయటికొచ్చింది, ఆ తర్వాత ఎప్పుడు విచ్చుకుందో, నేను రెప్ప వేసినప్పుడే అయిందేమో, చూసేసరికి పళ్లెం నిండుగా ఉంది. లోపల ఐదు తెల్లని కేసరాలు. నడుమ రెండు కీలాలు, ఒక్కోటి మళ్లీ రెండుగా చీలి, నాలుగు దారపు పోగుల్లా. భూతద్దంతో చూస్తే తప్ప కనబడవు. అమ్మను పిలిచాను. మోకాళ్ల నొప్పితో కింద కూర్చోలేదు కదా, వంగి, ఒక చెయ్యి గోడకు ఆనించి చాలాసేపు చూసింది. "మా అవ్వ దీన్ని జడల పెట్టుకునేది" అంది. ఆ మాట నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. పదకొండు గంటలకు ఒక చిన్న తేనెటీగ వచ్చింది, పువ్వు దాని బరువుకు నేల దాకా వంగింది. రెండు గంటలకు వెళ్లి చూస్తే ముడుచుకుపోయింది. ఒక్క పూటే దాని ఆయుష్షు. మర్నాడు పక్క కణుపు దగ్గర ఇంకోటి.

ఆ నెలాఖరున, సెప్టెంబరు మొదట్లో తెలంగాణ అంతా కుండపోత వానలు. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే వీధిలో నీళ్లు, పెరట్లో నీళ్లు, మడి మాత్రం ఎత్తు మీద తడిసి మెరుస్తూ ఉంది. ఒక్క మొక్క కూడా పోలేదు.

సెప్టెంబరు 7న చవితి. పదమూడు మొక్కల్లో తొమ్మిది పూస్తున్నాయి. నేను దోసెడు కోసుకొద్దామని వెళ్తుంటే అమ్మ ఆపింది. "ఒక్క రెమ్మ సాలు. కడమది గింజకుండనీ" అంది. పదకొండో నామం దగ్గర ఆ రెమ్మ అందించాను. అమ్మ గొంతు మామూలుగానే సాగింది, పన్నెండో పత్రం దానిమ్మ అడిగింది.

ఇంటికి వచ్చేవాళ్లు దీని గురించి అడిగే మొదటి ప్రశ్న, తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందట కదా అని. ఆయుర్వేదంలో శంఖపుష్పి పేరుతో వాడే మొక్కలు ఒకటి కాదు. ఎక్కువగా కాన్వాల్వులస్ ప్రజాతిలోని ఒక నేలమొక్కను వాడతారు, కొన్నిచోట్ల దీన్ని, కొన్నిచోట్ల శంఖుపుష్పం తీగను. మూడూ వేరు వేరు. పేర్లే ఇంత కలిసిపోయినప్పుడు నేను ఎవరికీ ఆకు కోసి ఇవ్వను. వైద్యుణ్ని అడగమంటాను. మా ఆఫీసులో కేరళ అమ్మాయి ఉంది, ఆమె చూడగానే గుర్తుపట్టింది. వాళ్ల దశపుష్పాల్లో విష్ణుక్రాంతి ఒకటట, కర్కాటక మాసంలో ఆ పది మొక్కలూ ఇంట్లో పెట్టుకుంటారట. ఆమెకు పది గింజలు, ఒక గరుకు కాగితం ముక్క ఇచ్చాను.

చలికాలంలో పూలు తగ్గి కాయలు ఎక్కువయ్యాయి. మార్చికి ఆకులు రాలడం మొదలైంది. ఏప్రిల్ నాటికి మడిలో ఎండు పుల్లలు తప్ప ఏమీ లేవు. నాకు చాలా టెన్షన్ పట్టింది. పాత పాఠం గుర్తుండి కూడా రెండుసార్లు చెంబు పట్టుకుని వెళ్లి వెనక్కి వచ్చాను. ఒక పుల్లను గోటితో గీరితే మొదట్లో, నేలకు తాకే చోట, సన్నగా పచ్చ కనబడింది. దాన్ని చూసి నీళ్లు పోయకుండా ఆగాను. పదిహేను రోజులకోసారి సాయంత్రం పలచగా చల్లడం తప్ప మే అంతా అలాగే వదిలేశాను. 2025లో వానలు ముందే వచ్చాయి, మే చివరి వారంలోనే. జూన్ 4న ఎండు మోడు మొదట్లోంచి మూడు నూగు చిగుళ్లు. పదమూడింటిలో పది తిరిగి లేచాయి. వాటి చుట్టూ, తమంతట తాము రాలిన గింజల్లోంచి, గీకకుండానే, కొత్త మొలకలు ఇరవై దాకా వచ్చాయి. జులై మొదటికే పువ్వు.

తెల్ల పువ్వు గింజలు తొమ్మిదిని మొదటి ఏడు వేయడానికి భయపడి దాచాను. ఈ జూన్‌లో గీకి నానబెట్టాను, నాలుగు ఉబ్బాయి, రెండు మొలిచాయి. వాటిని మిగతావాటితో కలవకుండా వేరే కుండీలో, అదే ప్లాటు మొరంలో పెట్టాను. ఒకటి మొన్న పూసింది, నీలం. రెండోదానికి నిన్న పొద్దున పై నుంచి మూడో కణుపు దగ్గర మొగ్గ కనబడింది. ఇంకా నూగు లోపలే ఉంది, రంగు తెలియడం లేదు. అమ్మ రోజూ నాకన్నా ముందే లేచి వెళ్లి చూసి వస్తోంది.